సైకమోర్ బెండ్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్

కాన్సస్‌లో సైకమోర్ బెండ్ అనే ఊరు పనిగట్టుకుని వెతికితే దొరకదు, దారి తప్పితే దొరుకుతుంది. ఒక పక్క నది, నది అవతల మిస్సోరీ రాష్ట్రం. ఊళ్లో మూడు చర్చిలు, రెండు గ్యాస్ స్టేషన్లు, ఒక మ్యూజియం, ఒక ఆనందబాబు ఉన్నారు. చర్చికీ మ్యూజియానికీ జనం ఇష్టముంటే వెళ్తారు. ఆనందబాబు దగ్గరికి మాత్రం తప్పనిసరై వెళ్తారు, ఎందుకంటే డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్‌లో కూర్చునేది ఆయనే.

ఆయన చెడ్డవాడేమీ కాదు. గుడ్ మార్నింగ్ చెప్తాడు, కూర్చోమంటాడు, పిల్లల చదువులు అడుగుతాడు. ఆ తర్వాత కళ్లజోడు సర్దుకుని, అడ్రస్ ప్రూఫ్ రెండు కావాలి, ఒకటే తెచ్చారు, మళ్లీ రండి అంటాడు. ఊరి పళ్లడాక్టర్ డేల్ ఆయనకి ఎదురింట్లోనే ఉంటాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ చెత్తడబ్బాలు రోడ్డు మీదికి లాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. అలాంటి డేల్‌ని కూడా కరెంటు బిల్లు తెమ్మని వెనక్కి పంపాడు. నా ఇల్లు నీకు తెలీదా అని డేల్ నవ్వితే, ఆనందబాబుకి తెలుసు, కౌంటర్‌కి తెలీదు అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగి, చివరికి బేకరీలో కేకు మీద క్రీముతో రాసేదాకా వచ్చింది.

ఇంట్లో కూడా ఆయన మీద జోకులకి కొదవ లేదు. భార్య వసంతకుమారి నర్సు. ఆవిడ ఉద్యోగం వీసా మీదే పద్దెనిమిదేళ్ల క్రితం అందరూ వచ్చారు. అప్పుడు కొన్న సూట్‌కేసు తాళానికి ఆనందబాబు నాలుగు ఒకటి రెండు అని నంబరు పెట్టాడు. తర్వాత ఫోనుకి అదే, ఆఫీసు లాకరుకి అదే, గరాజ్ తలుపుకి చివర ఒక సున్నా తగిలించి అదే. అమెరికా పద్ధతిలో నెల ముందు చదివితే అది ఏప్రిల్ పన్నెండు, కానీ ఆ తేదీన వాళ్ల పెళ్లి కాలేదు, ఎవరూ పుట్టలేదు. ఆ రోజు ఏ పిల్ల పుట్టినరోజండీ అని వసంతకుమారి పద్దెనిమిదేళ్లుగా అడుగుతూనే ఉంది. గరాజ్ మీటలు నొక్కినప్పుడల్లా, మీ పాత స్నేహితురాలు తలుపు తీసింది, లోపలికి దయచేయండి అంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. మనిషి ఊరుకోవడంలో అంత నేర్పరి కాబట్టి ఆవిడ కూడా సరదాగానే వదిలేసింది.

మరీ వదలని సంగతి ఒకటుంది. ఓవర్లాండ్ పార్క్‌లో వాళ్లు వెళ్లే తెలుగు చర్చిలో నెలకోసారి సాక్ష్యాలు చెప్పిస్తారు. ఎవరికి వాళ్లు లేచి తమ జీవితంలో ఏం జరిగిందో చెప్పుకుంటారు. వీసా వచ్చినవాళ్లు, ఆపరేషన్ గట్టెక్కినవాళ్లు, కొత్త ఇల్లు కొన్నవాళ్లు అందరూ లేస్తారు. ఆనందబాబు మాత్రం ఒక్కసారి కూడా లేవలేదు. ఊరందరినీ రుజువులు అడుగుతారు, దేవుడికి ఒక్క సాక్ష్యం చెప్పలేరా అని వసంతకుమారి మెత్తగా పొడుస్తుంది.

ఇలాంటి మనిషిని వెతుక్కుంటూ ఫిబ్రవరిలో మ్యూజియం నుంచి లొరేన్ గారు కౌంటర్‌కి వచ్చారు. డెబ్బై మూడేళ్ల నల్లజాతి ఆవిడ, రిటైరైన హైస్కూల్ టీచరు, మ్యూజియం తాళంచెవులు ఆవిడ దగ్గరే ఉంటాయి. లైసెన్స్ కోసం కాదు, వేషం కోసం వచ్చానన్నారు.

వేషం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కాన్సస్ ఇంకా రాష్ట్రం కాని రోజుల్లో, ఇక్కడ మనుషుల్ని బానిసలుగా కొని ఉంచుకోవచ్చా కూడదా అనేది ఇక్కడ స్థిరపడ్డవాళ్లే ఓటేసి తేల్చుకోమని పై ప్రభుత్వం చేతులు దులుపుకుంది. నది అవతల మిస్సోరీలో బానిసత్వం దర్జాగా నడుస్తోంది. పద్దెనిమిది వందల యాభై ఐదు మార్చిలో ఎన్నికలు పెడితే, మిస్సోరీ నుంచి వేల మంది గుర్రాల మీద, బండ్ల మీద, తుపాకులతో దిగబడి ఓట్లు గుద్దేసి సాయంత్రానికి ఇళ్లకి వెళ్లిపోయారు. అదేమంటే, ఈ క్షణాన ఇక్కడ నిలబడ్డాం కాబట్టి ఇక్కడివాళ్లమే అన్నారు. ఆ దొంగ ఓట్ల సభ బానిసత్వానికి చట్టాలు రాసింది. దాని మీద ఏళ్ల తరబడి ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చారు.

సైకమోర్ బెండ్‌లో ఏటా మార్చి ఆఖరి శనివారం ఆ రోజుని నాటకంగా ఆడతారు. చిల్లీ అని మాంసం, చిక్కుడుగింజల కూర వండుతారు, బ్యాండు వాయిస్తారు, పిల్లలకి చెక్క తుపాకులు పంచుతారు. నాటకంలో ఎన్నికల జడ్జి ఒకడుంటాడు, పేరు కోల్. మిస్సోరీ గుంపుని నిలదీస్తాడు. గుంపు నాయకుడు కర్నల్ గడియారం తీసి, ఐదు నిమిషాల్లో రాజీనామా మీద సంతకం పెట్టు, లేదంటే ప్రాణం పోతుందంటాడు. ఐదో నిమిషంలో కోల్ సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఆ కాగితం మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఊళ్లో ఓటర్లు యాభై రెండు మంది, ఆ రోజు పడ్డ ఓట్లు మూడు వందల నలభై ఒకటి.

ఈసారి ఆ కోల్ వేషం మీరు వెయ్యాలి అన్నారు లొరేన్ గారు. నేనెందుకు అన్నాడు ఆనందబాబు. ఈ ఊళ్లో అందరూ భయపడే జడ్జి ఇంకెవరున్నారు అన్నారావిడ. ఆయనకి లోపల పొంగింది, పైకి మాత్రం కళ్లజోడు సర్దుకున్నాడు. పైగా ఆయనకి ఎన్నికలు కొత్తా ఏమిటి. అమెరికా రాకముందు ప్రకాశం జిల్లాలో హైస్కూలు టీచరుగా చేసి, ఏడు ఎన్నికల్లో డ్యూటీ చేశాడు. ఆఖరిదాంట్లో అయితే బూత్‌కి పెద్ద, ప్రిసైడింగ్ ఆఫీసర్. ఆ ఒక్క ఆఖరిది తప్ప మిగతా ఆరింటి గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్తాడు.

ఇంట్లో చెప్తే కూతురు క్రిస్టీ పడీపడీ నవ్వింది. ఆ పిల్ల యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. ల్యాప్‌టాప్‌లో అప్పటి చట్టం తీసి తండ్రి ముందు పెట్టింది.

“డాడీ, ఇది చదువు. వోట్ చేయాలంటే వైట్ ఉండాలి, మేల్ ఉండాలి. నువ్వు జడ్జ్ కాదు, లైన్‌లో కూడా లేవు.”

ఆనందబాబు ఆ చట్టాన్ని మూడుసార్లు చదివాడు. ఎక్కడైనా మినహాయింపు ఉందేమోనని కింద చిన్న అక్షరాలు కూడా చూశాడు. లేదు. మర్నాడు లంచ్ టైములో మ్యూజియానికి వెళ్లి, రూలు ప్రకారం ఈ వేషానికి నేను అనర్హుడిని అని లొరేన్ గారికి వివరించాడు. నాకు తెలుసు, ఆ రోజుల రూలు ప్రకారం ఈ మ్యూజియం తాళంచెవులు నా చేతిలో ఉండకూడదు, రిహార్సల్ శనివారం పదింటికి అని ఆవిడ జవాబిచ్చారు.

ఆ శనివారం పదింటికి రమ్మంటే ఆనందబాబు ఏడింటికే వెళ్లి కూర్చున్నాడు. పోలింగ్ ఎన్నింటికి మొదలవ్వాలో ఆయనకి ఒకరు చెప్పాలా. మ్యూజియం వెనక కొట్టంలో బల్ల వేసుకున్నాడు, జాబితా పెట్టుకున్నాడు, చెక్క పెట్టె తెరిచి ఖాళీగా ఉందని అక్కడున్న ఇద్దరు ముసలాళ్లకి చూపించి, చూశామని వాళ్లచేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ ఇద్దరూ నిజానికి కుర్చీలు సర్దడానికి వచ్చినవాళ్లు.

పదింటికి మిస్సోరీ గుంపు వచ్చింది. ముందు కర్నల్ వేషంలో పళ్లడాక్టర్ డేల్, వెనక పాతిక మంది, వాళ్లలో యూనివర్సిటీలో చదివే కౌస్తుభ్ అనే తెలుగు కుర్రాడు కూడా. లైసెన్స్ కోసం మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ తిరిగొచ్చిన బాధితుడు కాబట్టి, కసి తీర్చుకోవడానికి గడ్డం అంటించుకుని మరీ చేరాడు. అసలు గుంపు ఆ రోజుల్లో గుర్తుగా కోటు గుండీలో జనపనార పోగు పెట్టుకునేదట. వీళ్లూ పెట్టుకున్నారు. అరుస్తూ తుపాకులు ఊపుతూ బల్ల మీదికి వచ్చారు.

ఆనందబాబు లేవలేదు. ఒక చెయ్యి ఎత్తి, కౌంటర్‌లో వాడే గొంతుతో, ముందు ఆ పోగులు తీసెయ్యండి, పార్టీ గుర్తులతో బూత్‌లోకి రాకూడదు అన్నాడు. డేల్ ఒక్క క్షణం ఆగి, సారీ అని పోగు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనకవాళ్లూ తీసేశారు. తుపాకులు బయట పెట్టి రమ్మన్నాడు, పెట్టి వచ్చారు. ఒకరి వెనక ఒకరు నిలబడమన్నాడు, నిలబడ్డారు. కాన్సస్ జనానికి లైను కనిపిస్తే నిలబడటం రక్తంలో ఉంది. తర్వాత ఒక్కొక్కరినీ పేరు, ఊరు, ఎంతకాలంగా ఉంటున్నారు అని అడిగాడు. ఇక్కడే ఉన్నానుగా అన్నవాడిని, ఉన్నట్టు కాగితం ఏదని అడిగాడు. అడ్రస్ ప్రూఫ్ లేదంకుల్ అన్నాడు కౌస్తుభ్ అలవాటుగా, తెలుగులోనే. మళ్లీ రా అన్నాడు ఆనందబాబు.

ఇరవై నిమిషాల్లో మిస్సోరీ దండయాత్ర ముగిసింది. ఒక్క దొంగ ఓటు పడలేదు. పాతిక మందీ బుద్ధిగా వెనక్కి వెళ్లి డోనట్లు తింటూ కూర్చున్నారు. ఊరివాళ్ల పాత్రలు వేసినవాళ్లు చప్పట్లు కొట్టారు. మగవాళ్లు చాలక అందులో సగం మంది ఆడవాళ్లే గడ్డాలు అంటించుకున్నారు, క్రిస్టీ కూడా అంతే. వసంతకుమారి ఫోనులో వీడియో తీసి చర్చి గ్రూపులో పెట్టేసింది. ఆనందబాబు అంత నిటారుగా కూర్చోవడం ఆవిడ పెళ్లినాడు కూడా చూడలేదు.

కొట్టం చివర రెండు గుర్రాల కళ్లేలు పట్టుకుని నిలబడ్డ లొరేన్ గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆవిడకీ నాటకంలో వేషం ఉంది. కర్నల్ తన గుర్రాలు పట్టుకోవడానికి వెంట తెచ్చుకున్న బానిస స్త్రీ, పేరు హెస్టర్. ఒక్క మాట కూడా లేని వేషం. పంతొమ్మిదేళ్లుగా లొరేన్ గారే వేస్తున్నారు, ఎందుకంటే హెస్టర్ ఆవిడ ముత్తవ్వకి తల్లి.

అందరూ వెళ్లాక ఆవిడ ఆనందబాబుని ఆపారు.

“చాలా బాగా చేశారు మిస్టర్ బాబు. కానీ ఆ రోజు వాళ్లే నెగ్గారు. మీరిలా ఆపేస్తే మా హెస్టర్ ఆ సాయంత్రమే విడుదలైపోతుంది. కాలేదు. నెగ్గిన కర్నల్ నది ఇవతలే మకాం పెట్టాడు, కాన్సస్ బానిసత్వం లేని రాష్ట్రమయ్యేదాకా ఇంకో ఆరేళ్లు ఆమె ఆ గుర్రాలు పట్టుకునే ఉంది.”

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. ఊరివాళ్లు మంచివాళ్లు, అవతలివాళ్లు దొంగలు అని పిల్లలు నేర్చుకుని పోతారు, కానీ బానిసత్వం వద్దన్నవాళ్లలో చాలామందికి నల్లవాళ్లు పక్కింట్లో కూడా వద్దు. ఆ రోజు బల్ల దగ్గర ఎవరు గెలిచినా హెస్టర్‌ని పేరు అడిగేవాడు లేడు. అయినా ఆ సంతకం వల్ల ఆమెకి పోయింది ఆరేళ్లు. ఊళ్లో అందరికన్నా గట్టివాడు కూడా చివరికి సంతకం పెడితే అప్పుడు తెలుస్తుంది అది ఎంత బరువో, అందుకే మిమ్మల్ని అడిగాను అన్నారు.

సరేనని మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు. ఆవిడ కాగితం పెట్టారు. కలం తీశాడు. కాగితం మీద పెట్టాడు. సంతకం రాలేదు. రోజుకి వంద సంతకాలు పెట్టే చెయ్యి అది. వారం తర్వాత రెండో రిహార్సల్‌లోనూ అంతే, డేల్ గడియారం పట్టుకుని ఐదు నిమిషాలు, పది నిమిషాలు, పావుగంట నిలబడ్డాడు. చెయ్యి నొప్పా అని అందరూ అడిగారు. వసంతకుమారి నర్సు కాబట్టి బీపీ కూడా చూసింది, మామూలుగానే ఉంది.

పండగ ఇంకో వారం ఉందనగా ఆనందబాబు మ్యూజియానికి వెళ్లి, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. లొరేన్ గారు తలుపు దగ్గరగా వేసి కాఫీ పోసి, కారణం చెప్పి వెళ్లండి అన్నారు. ఆయన చెప్పాడు. తెలుగులో పద్దెనిమిదేళ్లకి పైగా పెదవి దాటని మాట ఇంగ్లీషులో బయటికి వచ్చింది. పరాయి భాషలో చెప్తే వేరెవరో చేసిన పనిలా ఉంటుంది, కాస్త సులువు.

ఓటింగ్ మిషన్లు కొత్తగా వచ్చిన ఎన్నికలు. గుండ్లకమ్మ పక్కన ఒక ఊళ్లో బడిలో బూత్. ఆనందబాబు ప్రిసైడింగ్ ఆఫీసర్. మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది. భోజనానికి క్యారేజీ విప్పి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే కిటికీలోంచి ఒక ముసలావిడ చూసింది. ఊరి చివర పేట నుంచి వచ్చిన మనిషి. లోపల మనోడే ఉన్నాడర్రా, భయం లేదు రండి అని పేట మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లు వచ్చేలోపే ఊరి పెద్ద తాలూకు మనుషులు లోపలికి వచ్చి పేటవాళ్ల ఓట్లన్నీ నొక్కేశారు. ఒకాయన ఆనందబాబు పక్కనే కుర్చీ వేసుకుని కూల్‌డ్రింక్ తెప్పించి, మీ పాప చిన్నదట కదా సారూ, ఐదింటికి మీ బస్సొస్తుంది, అందాకా ప్రశాంతంగా కూర్చోండి అన్నాడు. అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. వాచీ మాత్రం చూసుకున్నాడు.

ముసలావిడ బల్ల దగ్గరికి వచ్చి వేలు చూపించింది.

“నా వేలికి సిరా లేదు కదయ్యా. మరి నా ఓటెట్టా పడింది?”

అలాంటప్పుడు ఏం చెయ్యాలో పుస్తకంలో ఉంది. ఒకరి ఓటు ఇంకొకరు వేసేస్తే, అసలు మనిషికి వేరే కాగితం ఇచ్చి ఓటు వేయించి విడిగా కవర్లో పెట్టాలి. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. అది లెక్కలోకి రాదు, కోర్టు అడిగితే తప్ప తెరవరు. కానీ ఈ మనిషి వచ్చింది, ఈమె ఓటు దొంగిలించారు అనడానికి అదొక్కటే రుజువు. ఆ కాగితాలు ఇరవై ఆనందబాబు సంచీలోనే ఉన్నాయి. ఆయన తియ్యలేదు. ఇంటికెళ్లమ్మా అన్నాడు. సాయంత్రం డైరీలో గొడవలేమైనా జరిగాయా అన్నచోట లేదు అని రాసి, పోలింగ్ ప్రశాంతం అని సంతకం పెట్టాడు. టెండర్డ్ ఓటు కాగితాలు, ఇచ్చినవి ఇరవై, వాడినవి సున్నా, తిరిగి అప్పగించినవి ఇరవై.

చెప్పడం అయ్యాక ఆనందబాబు, అప్పుడు పెట్టకూడని సంతకం పెట్టాను, మళ్లీ పెట్టమంటే చెయ్యి రావడం లేదు అన్నాడు. లొరేన్ గారు తప్పు లేదులే అనలేదు, అయ్యిందేదో అయ్యింది అని కూడా అనలేదు. అందుకు ఆయన ఆవిడని జీవితాంతం గౌరవిస్తాడు.

“అయితే కోల్‌కి ఆ సంతకం తర్వాత ఎలా ఉండి ఉంటుందో ఈ ఊళ్లో మీ ఒక్కరికే తెలుసు. వేషం మీదే. ఇంకేమైనా కావాలా?”

ఆనందబాబు ఆలోచించి, ఇరవై చీటీలు, ఒక కవరు, దారి పక్కన చిన్న బల్ల కావాలన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు.

పండగ రోజు గాలి చంపేసింది. చిల్లీ గిన్నెల మీద మూతలు ఎగిరిపోయాయి, సగం మంది గడ్డాలు ఊడిపోయాయి. క్రిస్టీ గడ్డం ఒకసారి బ్యాండువాళ్ల డ్రమ్ము మీద దొరికింది. అయినా జనం బాగానే వచ్చారు. తెలుగు చర్చి నుంచి రెండు వ్యాన్లు వచ్చాయి. ఆనందబాబు అడ్రస్ ప్రూఫ్ అడిగే ఘట్టం కోసం వీడియోలో చూసినవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్లని నిరాశపరచలేదు. డేల్‌ని కరెంటు బిల్లు అడిగాడు, పద్దెనిమిది వందల యాభై ఐదులో కరెంటు లేదని డేల్ గుర్తుచేస్తే, అది మీ సమస్య అన్నాడు. మైదానమంతా నవ్వింది.

తర్వాత డేల్ గడియారం తీశాడు. ఐదు నిమిషాలు అన్నాడు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆనందబాబు కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. రెండో నిమిషానికి నవ్వులు ఆగాయి. మూడో నిమిషంలో చంటిపిల్ల ఒకతి ఏడిస్తే తల్లి ఎత్తుకుని దూరంగా తీసుకెళ్లింది. పక్కన చెక్క తుపాకీతో నిలబడ్డ కౌస్తుభ్ తుపాకీ దించేశాడు. ఎదురింటి మనిషి మొహం చూడలేక డేల్ గడియారం వైపే చూస్తున్నాడు. ఐదో నిమిషంలో ఆనందబాబు సంతకం పెట్టి, కలం మూత పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. గుంపు అరుస్తూ పెట్టె మీద పడి ఓట్లు గుద్దింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ప్రతి ఏడూ జడ్జి అక్కడితో తలొంచుకుని వెళ్లిపోతాడు, బ్యాండు మొదలవుతుంది. ఈసారి జడ్జి వెళ్లి దారి పక్కన చిన్న బల్ల ముందు కూర్చున్నాడు. చీటీల కట్ట విప్పి, ఓటు వెయ్యనివ్వకుండా తరిమినవాళ్లు ఇలా రండి, పేరు చెప్పి చీటీ తీసుకోండి అన్నాడు. ఇది ఎవరి స్క్రిప్టులోనూ లేదు. ఊరివాళ్ల వేషాల్లో ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని లైనులో నిలబడ్డారు. ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతూ రాశాడు, చీటీ ఇచ్చాడు, మడిచి కవర్లో వెయ్యమన్నాడు. వీటిని లెక్కపెడతారా అని ముందున్న ముసలాయన అడిగాడు.

“లెక్కపెట్టరు. పారెయ్యరు కూడా.”

క్రిస్టీ వచ్చింది. తండ్రి కూతురి పేరు కూడా కొత్తగా అడిగి రాసుకున్నాడు. జోకేద్దామని వచ్చిన పిల్ల ఆయన మొహం చూసి, బుద్ధిగా చీటీ మడిచి కవర్లో వేసింది. లైను అయిపోయింది, రెండు చీటీలు మిగిలాయి. అప్పుడు హెస్టర్ కళ్లేలు వదిలిపెట్టి బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఆ గుర్రాలని ఆమె వదలడం అదే మొదటిసారి. పాపం గుర్రాలకి ఏం చెయ్యాలో తెలీక అక్కడే నిలబడ్డాయి.

ఆనందబాబు జాబితా చూశాడు. ఆ పేరు ఏ జాబితాలోనూ లేదు, ఏ చట్టంలోనూ లేదు. ఆయన జీవితమంతా జాబితాలో లేనివాళ్లని మళ్లీ రమ్మన్న మనిషి. జాబితా మూసి పక్కన పెట్టి, పేరు అని అడిగాడు.

“హెస్టర్.”

“ఎంతకాలంగా ఇక్కడ ఉంటున్నారు?”

“నన్ను తీసుకొచ్చినప్పటి నుంచి.”

రాసుకుని, రెండు చేతులతో చీటీ ఇచ్చాడు. లొరేన్ గారు దాన్ని మడిచి కవర్లో వేసి పక్కకి జరగకుండా అక్కడే నిలబడ్డారు. ఇంకొకటి మిగిలిందన్నారు.

ఆనందబాబు ఆఖరి చీటీ దగ్గరికి లాక్కున్నాడు. అందరివీ రాసినట్టే రాశాడు, అందరివీ చదివినట్టే పైకి చదివాడు. గొంతు మాత్రం కౌంటర్‌ది కాదు.

“పల్లెపోగు మరియమ్మ. వరస నంబరు, నాలుగు వందల పన్నెండు.”

మొదటి వరసలో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్న వసంతకుమారి చెయ్యి కిందికి దిగింది. మిగతా జనానికి అదేదో చరిత్రలో పేరు అనిపించింది, చప్పట్లు కొట్టారు, బ్యాండు మొదలైంది. ఆనందబాబు కవరు అంటించి, అంటించినచోట అడ్డంగా సంతకం పెట్టాడు. ఈసారి చెయ్యి వెంటనే వచ్చింది. ఆ కవరు కోల్ రాజీనామా పక్కన అద్దాల పెట్టెలోకి వెళ్తుందని, కింద ఏం రాయాలో తీరిగ్గా చెప్పమని లొరేన్ గారు అన్నారు. ఇరవై కాగితాలు, వాడినవి ఇరవై అని రాయమన్నాడు.

ఇంటికి వస్తూ కారులో మొత్తం చెప్పాడు, ఈసారి తెలుగులో. చెప్పడానికి నలభై నిమిషాలు పట్టే కథ, ఇంటికి దారి పది నిమిషాలే. అందుకని వసంతకుమారి ఇంటిముందు కారు ఆపి, అయ్యేదాకా ఇంజన్ ఆన్‌లోనే ఉంచి వింది. వెనక సీట్లో క్రిస్టీ గడ్డం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మీ పాప చిన్నదట కదా అన్న మాట దగ్గర ఆ పిల్ల ముందుకి వంగి తండ్రి భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ తియ్యలేదు.

వసంతకుమారి దిగి గరాజ్ తలుపు దగ్గర మీటల ముందు నిలబడింది. పద్దెనిమిదేళ్లుగా వేస్తున్న జోకు నాలుక చివర దాకా అలవాటుగా వచ్చి ఆగిపోయింది. సిగ్గేసింది ఆవిడకి. నాలుగు, ఒకటి, రెండు, సున్నా నిదానంగా నొక్కింది. తలుపు మూలుగుతూ పైకి లేస్తుంటే భర్త వైపు తిరిగింది.

“ఆవిడ మొహం గుర్తుందాండీ?”

“లేదు వసంతా. వేలు గుర్తుంది.”